అమ్మేసిన యాంప్లిఫయర్

నిఖిల్ బేరమాడలేదు. మైమూనాకు మొదట నచ్చనిది అదే.

పాత సామాను కొనేవాడు ముందు పెదవి విరుస్తాడు. ఉన్న గీతలూ లేని గీతలూ చూపిస్తాడు. లేచి గుమ్మం దాకా పోయి మళ్లీ వస్తాడు. ఈ పిల్లవాడు చెప్పులు విప్పి లోపలికొచ్చి, ఫక్రుద్దీన్ చెప్పిన ధరకు తలూపి జేబులో చెయ్యి పెట్టాడు. రాయపోల్ దగ్గర పొలాలున్న చంద్రశేఖర్ పటేలు కొడుకు. సిద్దిపేటలో సొంత ఇంట్లో తల్లి దగ్గరుండి డిగ్రీ చదువుతున్నాడు.

"ఆగు బేటా. వినకుండనే కొంటవా?" అన్నాడు ఫక్రుద్దీన్. చెవులు పోయినప్పటి నుంచి ఆయన గొంతు ఆ గదిలో పట్టడం లేదు.

యాంప్లిఫయర్ గోడవారగా బల్ల మీద ఉంది. నల్లటి ఇనుప పెట్టె, రెండు పక్కలా వేడి పోవడానికి అల్యూమినియం రెక్కలు, ముందు అద్దం వెనక రెండు సూదులు. ఒక్కరు లేపలేనంత బరువు. ఫక్రుద్దీన్ బనీను ముక్కతో దాని నెత్తిన దుమ్ము తుడిచాడు, రెక్కల సందుల్లో వేలు పెట్టి తుడిచాడు. స్విచ్చి వేయగానే గదిలో బల్బు ఒక్కసారి మసకబారి తేరుకుంది. పాత గజళ్ల క్యాసెట్ పెట్టి, సూదులనే చూస్తూ నిలబడ్డాడు. పాట ఎక్కడ ఎత్తుకుంటుందో, ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో సూదులు చెబుతాయి ఆయనకు.

తర్వాత భార్య వైపు తిరిగాడు. "మైమూనా, బూఁ అంటదా?"

మైమూనా బీడీల చాట పక్కన పెట్టి లేచింది. స్పీకరు దగ్గర వంగి విని, పెదాలు బాగా కదిపి, "లేదు" అంది.

"లేదంట," అన్నాడు ఫక్రుద్దీన్, నిఖిల్‌కే వినపడదన్నట్టు. "ఇగో బేటా, ఇది ఇంట్ల కూసోని వినే సామాను. బజార్ల పెట్టేది గాదు. గాడ పెద్ద పెద్ద డబ్బాలు తగిలిస్తే వేడెక్కి సస్తది. ఇంట్లనే పెడ్తవు గద?"

నిఖిల్ నేల వైపు చూసి తలూపాడు.

ఆటో గుమ్మానికి ఆనించి, ఇద్దరూ పట్టి దాన్ని బయటికి తెచ్చారు. వెలుతురులోకి రాగానే దాని వెనక రేకు మీద తెల్ల రంగు అక్షరాలు కనిపించాయి. కువైట్‌లో రిపేరు దుకాణం వదిలి వచ్చేటప్పుడు ఓడ మీద వేయడానికి ఫక్రుద్దీన్ తన చేత్తో రాసుకున్నవి. పేరు, సిద్దిపేట, ఇండియా, ఇంటి నంబరు. పెట్రోలు గుడ్డతో రుద్దితే పోతుందేమో చూడమని మైమూనా అంది. ఫక్రుద్దీన్ ఆటో చక్రం వైపు చూస్తున్నాడు, ఆమె పెదాలు చూడలేదు. ఆటో స్టార్టయింది. నిఖిల్ దాకా ఆ మాట పోయిందో లేదో ఆమెకు తెలియలేదు.

ఖాళీ బల్ల మీద తునికాకు మూటలు పెట్టుకుంది. జాగ దొరికిందని ఆ పూట సంతోషించింది కూడా.

ఆ వారంలో చేసిన బీడీలు కార్ఖానాలో అప్పజెప్పడానికి పోతూ పాత బస్టాండు దగ్గర మైమూనా ఆగిపోయింది. తెలంగాణ కోసం వేసిన దీక్ష టెంటు అక్కడే ఉంది. ఊళ్లో నూటనలభైనాలుగో సెక్షన్ పెట్టారు, బస్సులు సగం తిరగడం లేదు, అయినా టెంటు లేవలేదు. రోజుకొక కులసంఘమో, ఉద్యోగులో, కాలేజీ పిల్లలో వచ్చి కూర్చుంటున్నారు. ఆ రోజు పిల్లల వంతు. ఒకడు డప్పు కొడుతున్నాడు. ఒకడు పాడుతున్నాడు. ఆ పాట రోడ్డు అవతల మూసి ఉన్న దుకాణాల షట్టర్లకు తగిలి తిరిగొస్తోంది.

టెంటు అంచున బెంచీ మీద నల్ల పెట్టె. వైర్లు తగిలించడానికి వీలుగా దాని వీపు రోడ్డు వైపు తిప్పి పెట్టారు. తెల్ల అక్షరాలు ఎండలో మెరుస్తున్నాయి. వాటికి ఎదురుగా రోడ్డు అవతల పోలీసు జీపు.

ఆ జీపులో కూర్చున్నవాడు టీ తాగుతూ ఊరికే తలెత్తినా చాలు, తన భర్త పేరు చదువుతాడు. బీడీల బుట్ట నెత్తిన ఉండగానే ఆమె టెంటు వెనక నుంచి పోయి నిఖిల్‌ను పిలిచింది. ఇంట్లో పెడతానన్నావు కదా అని అడగలేదు. ఆ పేరు కనబడకుండా చెయ్యమని మాత్రం అడిగింది.

నిఖిల్ అటు చూసి నాలుక కరుచుకున్నాడు. తనకు గుర్తే రాలేదన్నాడు. రేపు పొద్దున్నే రంగు పూసేస్తానన్నాడు. అప్పటికి తన కండువా తీసి దాని వెనక కప్పాడు. ఆమె రోడ్డు దాటేలోపే గాలికి ఆ కండువా జారి బెంచీ మీద పడింది. వెనక్కి పోయి చెప్పే ధైర్యం చాలలేదు. జీపు ముందు నుంచి రెండోసారి పోవాలి మరి.

ఇంటికొచ్చాక భర్తకు చెప్పలేదు. చెబితే వెంటనే టెంటు దగ్గరికి పోతాడు, వైర్లు సరిగా తగిలించారా లేదా చూస్తానంటాడు. ఆ గొంతుతో బజారంతా వినపడేలా నాదేనంటాడు. చెప్పకపోవడమే మంచిదనుకుంది.

మర్నాడు మధ్యాహ్నం ఫక్రుద్దీన్ అన్నం తింటున్నాడు. మైమూనా ఎదురుగా కూర్చుని ఆకు కత్తిరిస్తోంది. దూరంగా ఈల వినిపించింది. తర్వాత చాలామంది పరుగెత్తే చప్పుడు, ఒకదాని వెంట ఒకటి షట్టర్లు పడే చప్పుడు, ఏదో పెద్దగా పగిలిన చప్పుడు. ఆమె కత్తెర ఆగింది. ఫక్రుద్దీన్ పప్పు కలుపుకుంటూ, ఇవాళ చింతపండు ఎక్కువైందన్నాడు.

ఔనని తలూపింది.

వాడ చివర తలుపులు మూసుకుంటున్నాయి. ఆమె కూడా లేచి గడియ పెట్టింది. చలి గాలి వస్తోందని సైగ చేసింది. ఆయన నమ్మాడు.

పక్కింటి ఎల్లవ్వ పెరటి వైపు నుంచి వచ్చి చెప్పింది. టెంటు పీకేశారట. కూర్చున్న పిల్లలను వ్యానులో ఎక్కించారట. మైకు సామానంతా జీపులో వేసుకుపోయారట. ఎల్లవ్వ చెబుతున్నంతసేపూ మైమూనా చేతులు ఆడుతూనే ఉన్నాయి. ఆకులో తంబాకు పోస్తోంది, చుడుతోంది, దారం కడుతోంది. ఆమె పోయాక చాటలోకి చూసుకుంటే అన్నీ వదులు బీడీలే. పట్టుకుంటే తంబాకు రాలిపోతోంది. విప్పి మళ్లీ మొదలుపెట్టింది.

పొద్దు వాలుతుండగా తలుపు కొట్టారు. కానిస్టేబుల్ భిక్షపతి, ఈ వాడకు తెలిసినవాడే. మొహర్రం రోజుల్లో బందోబస్తుకు వచ్చి ఈ అరుగు మీద కూర్చుని నీళ్లు తాగిపోతాడు. ఇప్పుడు అరుగెక్కలేదు.

"ఫక్రుద్దీన్ సాబును రేపు పొద్దుగాల టేషనుకు తీస్కరా అమ్మా. ఎస్సై సారు మాట్లాడాల్నంటుండు."

"ఎందుకు సారూ?"

"ఆ డబ్బా మీద ఆయన పేరున్నది. గంతే నాకు తెల్సింది." పోబోయి, గొంతు తగ్గించి అన్నాడు. "రాకుంట మాత్రం ఉండకున్రి."

మాట్లాడాలి అన్న మాటే ఆమెను పట్టుకుంది. హైదరాబాదులో బాంబు పేలుళ్లప్పుడు అక్క కొడుకు సుఫియాన్‌ను కూడా మాట్లాడాలనే తీసుకుపోయారు. వాడు ఇంటికి తిరిగొచ్చాడు. కేసూ లేదు, ఏమీ లేదు. కానీ ఇప్పటికీ తలుపు చప్పుడైతే వంటింట్లోకి పోయి నిలబడతాడు.

ఎవరొచ్చారని ఫక్రుద్దీన్ అడిగాడు. ఇక చెప్పక తప్పలేదు. యాంప్లిఫయర్ టెంటులో పెట్టారని, పోలీసులు తీసుకుపోయారని, రేపు మనల్ని ఒకసారి రమ్మన్నారని చెప్పింది. సుఫియాన్ పేరు ఎత్తలేదు. ఆయన కాసేపు ఆమె ముఖంలోకి చూశాడు.

"టెంటుల పెట్టిండా," అన్నాడు. "ఎట్ల పలికింది?"

మైమూనాకు ఏడవాలో తిట్టాలో తెలియలేదు. బాగానే పలికిందని చెప్పింది. ఆయన టోపీ పెట్టుకుని మసీదుకు పోయాడు.

ఆయన అటు పోగానే ఒక స్కూటీ వచ్చి ఆగింది. నడిపిన మనిషిని సందు మొదట్లో ఉండమని చెప్పి, వెనక కూర్చున్న ఆమె దిగింది. నేత చీర, ముఖం దాకా లాక్కున్న శాలువా. నిఖిల్ తల్లి విజయమ్మ. ఈ వాడకు ఆమె రావడం మైమూనా ఎన్నడూ చూడలేదు. కుర్చీ జరిపింది. విజయమ్మ కుర్చీలో కూర్చోలేదు. ఆకు ముక్కల మధ్య చాప మీదే కూలబడింది.

తన కొడుకు స్టేషన్లోనే ఉన్నాడని చెప్పింది. భర్త హైదరాబాదులో చిక్కుకున్నాడట, రోడ్లు బందు. మిగతా పిల్లలను ఊరికే కూర్చున్నారని వదిలేస్తారట. మైకు తెచ్చినవాడి మీద మాత్రం కేసు పెడతారట. డిగ్రీ ఆఖరి ఏడాదిలో కేసు పడితే పిల్లవాడి బతుకు ఆగమవుతుందంది. మాట్లాడుతూనే చాప మీది తంబాకు పొడి వేలితో కుప్ప చేస్తోంది.

"మీరు కిరాయికిచ్చినమని చెప్పున్రి చెల్లె. ఎవలో వచ్చి తీస్కపోయిన్రు, పేరు తెల్వదనున్రి. ముసలాయనను ఏమంటరు? రెండు మాటలని పంపిస్తరు. తర్వాత మేం సూస్కుంటం."

"మేం అమ్మినం గద పటేలమ్మా."

విజయమ్మ చూపు గోడ పొడుగునా పోయింది. అలమరలో కుప్పలుగా వైర్ల చుట్టలు, విప్పదీసిన రేడియోలు, సర్క్యూటు ప్లేట్లు, డబ్బా నిండా రంగురంగుల చిన్న చిన్న ముక్కలు, సోల్డరింగ్ ఐరన్, మీటరు. చెవులు బాగున్నప్పుడు ఫక్రుద్దీన్ వాడలో అందరి రేడియోలూ బాగుచేసినవాడు. ఇప్పటికీ రోజూ ఒకటి ముందేసుకుని కూర్చుంటాడు.

"ఇంట్ల గిన్ని వైర్లున్నయి," అంది విజయమ్మ మెల్లగా. "రేపు పోలీసోళ్లు వచ్చి సూస్తే ఏమనుకుంటరో. మీ మంచికే చెప్తున్న."

అన్నాక ఆమే తల దించుకుంది. కానీ మాట వెనక్కి పోలేదు. ఆమె పోయాక కూడా ఆ మాట చాప మీదే కూర్చుంది.

మైమూనా అలమర ముందు నిలబడింది. నిన్నటి దాకా ఆ సామాను దుమ్ము, చెత్త, జాగ తినే దరిద్రం. ఇప్పుడు ఒక కొత్త మనిషి కళ్లతో చూసింది. వైర్లు. గడియారం ముక్కలు. బ్యాటరీలు. పేరు ఫక్రుద్దీన్. పేపర్లో ఫొటో ఎలా పడుతుందో కూడా ఆమెకు కనిపించింది. బల్ల మీద ఇవన్నీ వరసగా పరిచి, వెనక ముఖానికి గుడ్డ కట్టి నిలబెట్టిన మనిషి.

తునికాకు గోనెసంచి దులిపి తెచ్చింది. ముందు వైర్లు వేసింది, తర్వాత ప్లేట్లు, తర్వాత డబ్బా బోర్లించింది. ముక్కలు గలగలమని పడ్డాయి. ఆ చప్పుడుకు ఆగి, వాకిలి వైపు చూసి, మిగతావి ఒక్కొక్కటే చేత్తో పెట్టింది. మీటరును ఆయన ఎప్పుడూ ఒక ఉన్ని టోపీలో చుట్టి పెడతాడు. టోపీ తీసి, మీటరు సంచిలో వేసింది. సోల్డరింగ్ ఐరన్ దగ్గర చెయ్యి ఆగింది. దాని పిడికి ఆయన బొటనవేలు ఆనే చోట నలుపు అరిగి తెల్లబడింది. అది కూడా వేసింది.

పెరడు దాటితే పాడుబడ్డ చేదబావి. వాడంతా చెత్త వేసే చోటు. సంచి ఈడ్చుకుంటూ పోయింది. ఎల్లవ్వ గిన్నెలు కడుగుతూ చూసింది. దీపం వెలుతురు తగ్గించింది. సంచి గోడకు తగులుతూ పోయి అడుగున బురదలో పడిన చప్పుడు చాలాసేపటికి గానీ వినిపించనట్టు అనిపించింది ఆమెకు.

ఆయన మసీదు నుంచి వచ్చేసరికి అలమరకు పాత చీర పరదా కట్టి ఉంది. దాని వైపు ఆయన చూడలేదు. తిన్నాడు, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆమెకు నిద్ర రాలేదు. గస్తీ జీపు వచ్చిన ప్రతిసారీ లేచి కూర్చుంది. అది సందు మొదట్లో నెమ్మదించేది, మళ్లీ సాగిపోయేది. ఆయన వీపు కదలలేదు. చెవులు లేకపోవడమూ ఒక వరమే, ఈ రాత్రికి ఈయనకు భయం లేదు అనుకుంది. ఇద్దరి భయమూ తానొక్కతే పడుతున్నందుకు ఒక క్షణం ఆయన మీద కోపం కూడా వచ్చింది.

పొద్దున స్టేషన్‌కు పోయేసరికి వరండాలో యాంప్లిఫయర్ నేల మీద ఉంది. ఒక పక్క రెక్కలు వంగిపోయాయి, ముందు అద్దం పగిలింది. ఫక్రుద్దీన్ దాన్ని చూసి వంగబోతే మైమూనా చెయ్యి పట్టి ఆపింది.

లోపల గోడవారగా పిల్లలు నేల మీద కూర్చుని ఉన్నారు. వాళ్లలో నిఖిల్. కింది పెదవి వాచి ఉంది. బెంచీ మీద విజయమ్మ. ఆమె మైమూనా వైపు ఒక్కసారే చూసింది. ఆ చూపులో అడగడమే ఉంది.

ఎస్సై నిద్రలేని మనిషి. డబ్బా నీదేనా అని ఫక్రుద్దీన్‌ను అడిగాడు. ఫక్రుద్దీన్ భార్య వైపు చూశాడు. ఈయనకు వినపడదు సారూ అని మైమూనా చెప్పింది. నిన్నటి దాకా పాటలు వినేటోడు ఇయ్యాల చెవిటోడైండా అన్నాడు ఎస్సై. వెనక నిలబడ్డ ఇంకో కానిస్టేబుల్ ఫక్రుద్దీన్ తల వెనక్కి వచ్చి, చెవి పక్కన రెండు చేతులూ గట్టిగా చరిచాడు.

గోడవార పిల్లలు ఉలిక్కిపడ్డారు. విజయమ్మ ఉలిక్కిపడింది. ఫక్రుద్దీన్ భార్య ముఖంలోకే చూస్తూ, ఏదో జరిగిందని ఆ ముఖంలో చదివి, మెల్లగా వెనక్కి తిరిగాడు. చేతులు చరిచినతను చూపు తిప్పుకున్నాడు.

"నువ్వే చెప్పమ్మా," అన్నాడు ఎస్సై. "టెంటు కాడికి ఎట్ల పోయింది?"

మైమూనాకు రాత్రంతా అనుకున్న మాటలు ఏవీ గుర్తు లేవు. అమ్మినం అంటే ఎవరికని అడుగుతారు. పేరు చెబితే పటేళ్లతో వైరం. చెప్పకపోతే ఇల్లు వెతుకుతారు. బావి గుర్తొచ్చింది. సంచి మీద తునికాకు కార్ఖానా గుర్తు ఉందని, అది చూస్తే ఎవరు వేశారో చిన్నపిల్లవాడు కూడా చెబుతాడని అప్పుడే తట్టింది.

"కిరాయికిచ్చినం సారూ," అంది. "ఎవలో తీస్కపోయిన్రు."

"ఏమన్నవ్?" అని ఫక్రుద్దీన్ ఆమె భుజం తాకాడు. ఆమె ఆయన వైపు తిరగలేదు.

ఎస్సై పెన్ను తీశాడు. "కిరాయికిచ్చిన్రా. సెక్షనున్నదని తెల్వదా? అట్లయితే మైకు మీరే ఇచ్చినట్టు. ముద్దాయి ఈయనే."

మైమూనా బల్ల అంచు పట్టుకుంది. విజయమ్మ శాలువా చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూస్తోంది. రెండు మాటలని పంపిస్తారన్న మనిషి ఒక్క మాటా అనలేదు.

"కిరాయి గాదు సార్."

గోడవార నుంచి నిఖిల్ లేచాడు. కూర్చోమని ఎవరో అన్నారు. కూర్చోలేదు. "నేను కొన్న. ఇంట్ల పెట్టుకుంటనని అబద్ధం చెప్పి కొన్న. ఆయనకేం తెల్వదు. పేరు తుడుస్తనన్న, తుడవలే."

"నిఖిల్," అంది విజయమ్మ.

"నువ్వే పోయినవా అమ్మా వాళ్లింటికి?" అన్నాడు నిఖిల్. వాచిన పెదవితో ఆ మాట సరిగా రాలేదు, కానీ గదిలో అందరికీ అర్థమైంది. అప్పటిదాకా తలలు దించుకున్న పిల్లల్లో ఇంకొకడు లేచి, అందరం కలిసే కొన్నాం సార్ అన్నాడు. ఇంకొకడు లేచాడు. ఎస్సై పెన్ను బల్ల మీద పడేసి, కూర్చోండని కసిరాడు. ఫక్రుద్దీన్ నుంచి ఒక వేలిముద్ర తీసుకోబోయి, ఆయన సంతకం పెట్టగలనంటే పెట్టించుకుని, పొమ్మన్నాడు.

వరండాలో ఫక్రుద్దీన్ యాంప్లిఫయర్ దగ్గర ఆగాడు. ఈసారి మైమూనా ఆపలేదు. ఆయన చూపుడు వేలు వంగిన రెక్క మీద పెట్టి, తీసి, నడిచాడు.

ఇంటికొచ్చాక ఆయన నేరుగా అలమర దగ్గరికి పోయి పరదా తీశాడు. ఖాళీ చెక్కలు. ఒక మూల ఉన్ని టోపీ. దాన్ని తీసి లోపల చెయ్యి పెట్టి చూశాడు.

మైమూనా ఆయన ముందుకు వచ్చి నిలబడింది. ఆయన గడ్డం పట్టి తన వైపు తిప్పుకుంది. అంతా చెప్పింది. విజయమ్మ వచ్చింది చెప్పింది, వైర్ల సంగతి ఆమె అన్నది చెప్పింది, బావి చెప్పింది, స్టేషన్లో తను కిరాయి అన్నది చెప్పింది. మధ్యలో పెదాలు వణికి మాట చెదిరితే ఆయన అర్థం కాలేదని తలూపేవాడు. అదే మాట మళ్లీ చెప్పేది. అబద్ధమాడిన సంగతి ఆమె మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఆయన మంచం మీద కూర్చున్నాడు. టోపీ ఒళ్లో ఉంది.

"నాకు చెప్పకపోతివి," అన్నాడు. మొదటిసారి ఆయన గొంతు చిన్నగా వచ్చింది.

"చెప్తే నీకు నిద్ర పట్టదని."

"నేనెక్కడ పన్న?" అన్నాడు ఫక్రుద్దీన్. "రాత్రంతా జీపులు తిరిగినయి. వచ్చినప్పుడల్లా మంచం పట్టె సన్నగ అదురుతది. గోడకు చెయ్యి పెట్టి పండుకున్న. మనింటి కాడ ఆగుతదా, పోతదా అని. నువ్వు లేసి కూసున్నది గుడ తెల్సు. నేను తిరిగి సూస్తే నువ్వు ఇంక భయపడ్తవని కదలలే."

రాత్రంతా మైమూనా చూసింది ఆ కదలని వీపునే, గోడ మీది చెయ్యిని కాదు.

"బావిలకెళ్లి సంచి తీపిద్దామా?" అంది చివరికి. "మల్లేశం బావుల్ల దిగుతడు."

"ఇప్పుడొద్దు," అన్నాడాయన. "సూస్తరు."

ఔను, చూస్తారు. ఆమె చాట ముందుకు లాక్కుంది. ఆకు తీసి కత్తిరించడం మొదలుపెట్టింది. ఆయన మంచం దిగి వచ్చి చాప మీద ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఎప్పుడూ ముట్టనివాడు ఒక ఆకు తీసుకుని, అటూ ఇటూ తిప్పి, ఎలా చుట్టాలని అడిగాడు. ఆమె చూపించింది. ఆయన వేళ్లకు చిన్న చిన్న ముక్కలు పట్టుకోవడం అలవాటే. రెండోది మొదటిదానికన్నా నయంగా వచ్చింది.

కాసేపటికి ఇద్దరూ ఒకేసారి తలెత్తారు. ఆమె కత్తెర ఆగింది. ఆయన అరచెయ్యి నేల మీద ఆనింది. సందు మొదట్లో జీపు నెమ్మదించింది. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు, ఎవరూ దాచుకోలేదు.

"పోయింది," అన్నాడు ఆయన, ఆమె చెప్పకముందే.